తాండూరు నుంచి వికారాబాదుకు మూడు నిమిషాలు

పొద్దున నేను కాలేజీకి బయలుదేరాక పాప ఏడవకుండా ఉండడానికి మా అత్తమ్మ ఒక అబద్ధం కనిపెట్టింది. పాపను చంకన వేసుకొని మేడ మీదికి ఎక్కుతుంది. శంషాబాదుకు పోయే విమానాలు ఆ వేళకు ఒకటో రెండో తాండూరు మీదుగా పోతూ కనిపిస్తాయి. వాటిలో ఒకదాన్ని వేలుపెట్టి చూపిస్తుంది.

"అగో, మీ అమ్మ పోతున్నది. టాటా చెయ్యి."

పాప చెయ్యి ఊపుతుంది. నేనేమో అప్పటికి స్టేషన్లో టిఫిన్ సంచి, పుస్తకాల సంచి రెండు భుజాలకు తగిలించుకొని ప్యాసింజర్ రైలు కోసం చూస్తుంటాను. అత్తమ్మ మా ఇద్దరి మేలు కోరే ఈ పని చేస్తోందని తెలుసు. అయినా ఒక సాయంత్రం పాప నా ఒళ్ళో కూర్చొని, "అమ్మా, ఇయ్యాల ఇమానంల కిటికి కాడ కూసున్నవా?" అని అడిగితే నేనూ అబద్ధమే ఆడాను. కూర్చున్నానని చెప్పాను. రైల్లో ఆ రోజు తలుపు దగ్గర నిలబడి పోయాను.

ఆ సాయంత్రమే సరదాగా ఫోన్లో వెతికాను, తాండూరు నుంచి వికారాబాదుకు విమానంలో ఎంతసేపు అని. ఇలాంటివి చెప్పే పేజీలు ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. రెండు ఊళ్ళ పేర్లు ఇస్తే చాలు, మధ్యలో తిన్నగా ఒక గీత గీసి లెక్క చెప్పేస్తుంది. విమాన దూరం ముప్పై అయిదు కిలోమీటర్ల దగ్గర. ప్రయాణ సమయం మూడు నిమిషాలు. ఈ రెండు ఊళ్ళలో విమానం దిగే చోటే లేదన్న సంగతి దానికి పట్టలేదు.

మా ఆయనకు చూపించాను. ఆయన కందిపప్పు వ్యాపారం చూసుకుంటాడు. ఫోను వైపు చూసి నవ్వాడు.

"మూడు నిమిషాలా? బండల లారీ అడ్డమొస్తే మన గల్లీ దాటనీకే అంతకన్న ఎక్కువైతది."

నేనూ నవ్వాను. కానీ ఆ మూడు నిమిషాలు నన్ను వదల్లేదు.

ఎందుకు వదల్లేదో చెప్పాలి. పోయిన వానాకాలం పాపకు జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. ఆ రోజు సెలవు కాబట్టి నేను ఇంట్లోనే ఉన్నాను. కళ్ళు పైకి తేలేసి, ఒళ్ళు కట్టెలా బిగిసి, నా చేతుల్లోనే ఉన్న పిల్ల నాకు అందకుండా ఎటో పోయినట్టు అనిపించింది. పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. అత్తమ్మ ఇనుప తాళంచెవుల గుత్తి తెచ్చి పాప గుప్పిట్లో పెట్టి మూసింది. కొద్దిసేపటికి పాప తెరిపిన పడింది. ఆ కొద్దిసేపు ఎంతో నేను ఎవరికీ చెప్పలేను.

డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. జ్వరం ఒక్కసారిగా పెరిగితే కొందరు చిన్నపిల్లలకు ఇలా అవుతుంది, పెద్దయ్యేకొద్దీ పోతుంది. మళ్ళీ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, ఆగకపోతే వెంటనే తీసుకురండి. "తాళంచెవులు అవసరం లేదమ్మా" అని కూడా అంది, అత్తమ్మ నొచ్చుకోకుండా, మెల్లగా. అత్తమ్మ తల ఊపింది. గుత్తి మాత్రం ఆ రోజు నుంచి కొంగుకే ఉండిపోయింది.

ఆ తర్వాత రెండు వారాలకు నేను మళ్ళీ కాలేజీకి పోయాను. వికారాబాదులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా పుట్టిల్లు పూడూరు దగ్గర పల్లె. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటి ఆడపిల్లను, ఆ తర్వాత పీజీ కూడా చేశాను. ఈ ఉద్యోగం జీతం కోసమే చేస్తున్నానంటే అబద్ధమవుతుంది. బోర్డు మీద సుద్దముక్కతో ఒక లెక్క మొదలుపెట్టి చివరిదాకా తీసుకుపోతున్నప్పుడు నేను ఎవరి కోడలినో, ఎవరి తల్లినో గుర్తుండదు. ఆ గంట నాకు కావాలి. కానీ పాపకు మళ్ళీ ఫిట్స్ వస్తే నేను ఎంతసేపట్లో చేరగలను? ఈ ప్రశ్నకు సమాధానం దొరికితే తప్ప ఆ గంట నాది కాదు.

కాబట్టి లెక్కలు వేసేదాన్ని. రైలు దొరికితే ఇంత, దొరక్కపోతే బస్సులో ఇంత, అనంతగిరి ఘాటు మీద లారీ ఆగిపోతే ఇంత. పిల్లలకు దూరం వేరు, స్థానభ్రంశం వేరు అని పాఠం చెబుతూ, ఉదాహరణకు తాండూరునే తీసుకున్నాను. మనం తిరిగి తిరిగి పోయేది దూరం, మొదటి చోటికీ చివరి చోటికీ మధ్య తిన్నని గీత స్థానభ్రంశం. వెనక బెంచీ అబ్బాయి లేచి, "మేడం, నిన్న మా రైలు ధారూర్ల ఆగింది. స్థానభ్రంశం గాడనే ఉన్నది" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వుతూనే బోర్డు మీద ఆ గీత వైపు చూశాను. గీత పొడవు జానెడు కూడా లేదు.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరైనా ఊరికి బయలుదేరితే వాళ్ళు చేరేదాకా మా అత్తమ్మ ఇల్లు ఊడవదు. చాలా ఇళ్ళలో మనిషి గడప దాటగానే చీపురు పట్టరు. మా ఇంట్లో అది ఇంకొంచెం సాగింది. పోయినవాళ్ళు క్షేమంగా చేరారని తెలిశాకే చీపురు కదులుతుంది. అందుకని రోజూ వికారాబాదులో దిగగానే నేను ఫోను చెయ్యాలి.

"చేరినవా?"

"చేరిన అత్తమ్మ."

"సరే." అంతే, పెట్టేస్తుంది.

పెళ్ళయిన కొత్తలో ఇది నా మీద నిఘా అనుకున్నాను. మా ఆయనతో అంటే, "నిన్నెవరు చూస్తరు, ఆమెకు ఇల్లు ఊడ్వనీకి ఆలస్యమైతున్నది" అన్నాడు. నిజమే. రోజూ రైలు ఆలస్యమైనంతసేపు మా ఇంట్లో చెత్త అలాగే ఉంటుంది. పొద్దున పాప పారబోసిన మరమరాల మీదుగా అడుగులు వేస్తూ అత్తమ్మ వంట చేసుకుంటుంది.

ఈ ఏడు సీతాఫలాల కాలంలో ఒక పొద్దున నేను ఎప్పటిలాగే బయలుదేరాను. పాప లేచేసరికే చిరాకుగా ఉంది. చెంప మీద చెయ్యి వేసి చూశాను. వెచ్చగా అనిపించలేదు. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. మా ఆయన అంతకుముందే కందులు చూడడానికి దౌల్తాబాద్ పోయాడు. నేను చెప్పులు వేసుకొని గడప దాటుతుంటే అత్తమ్మ పాపను ఎత్తుకొని నా వెనకే వచ్చింది. ఏదో అనబోయి ఆగినట్టు అనిపించింది. "పైలం" అంది. జాగ్రత్త అని రోజూ అనే మాటే.

ఆ రోజు రైలు రుక్మాపూర్ దాటాక నడుస్తున్నట్టే నడిచి, ధారూరులో ఆగిపోయింది. ముందు ఏదో గూడ్సు చెడిపోయిందన్నారు. ఫోను తీసి చూస్తే చార్జింగ్ లేదు. రాత్రి పాప కోతిబొమ్మల వీడియోలు చూసి చూసి దాన్ని ఖాళీ చేసింది. రైలు కదిలేసరికి నా మొదటి క్లాసు గంట దాటిపోయింది. వికారాబాదులో దిగి ఆటోలో కాలేజీకి పోయి, ఫోనును స్టాఫ్ రూములో చార్జింగుకు పెట్టి, నేరుగా క్లాసులోకి పోయాను. వచ్చాక ఫోను వెలిగించి ఇంటికి చేశాను.

మొదటి రింగుకే ఎత్తింది.

"చేరినవా?"

"చేరిన అత్తమ్మ. రైలు ఆగింది. ఫోన్ల చార్జింగ్ లేకుండె."

"మంచిగ చేరినవ్ గద?"

"ఆ."

"కూసుకు జ్వరం." అత్తమ్మ పుట్టిల్లు సేడం వైపు. పాపను కన్నడంలో కూసు అనే పిలుస్తుంది.

"ఎప్పటి సంది?"

"నువ్వు గడప దాటినప్పటి సంది."

స్టాఫ్ రూములో ఎవరో గ్లాసులో చాయ్ పోస్తున్నారు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. అత్తమ్మ చెబుతూనే ఉంది. సిరప్ పోశానంది. తడిబట్టతో ఒళ్ళు తుడుస్తున్నానంది. ఆటో పిలిచి డాక్టరమ్మకు చూపించుకొని వచ్చామంది. ఫిట్స్ రాలేదంది. "నువ్వు రానవసరం లేదు, సాయంత్రానికే రా" అంది. ఆమె మాట పూర్తికాకముందే నేను "వస్తున్న" అని సంచి భుజాన వేసుకున్నాను.

ఆ వేళకు తాండూరు వైపు రైలు లేదు. బస్సెక్కాను. ఘాటు మీద ముందు ఒక లారీ, దాని ముందు ఇంకొకటి. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, "పెద్దేముల్ కాడ రోడ్డు తవ్విండ్రంట. గాడ గూడ ఆగుతది" అని ఎవరికీ చెప్పనట్టు చెప్పాడు. నా తలలో మూడు నిమిషాలు తిరుగుతున్నాయి. ఈ కొండ ఎక్కేలోపు నేను వెళ్ళి రావచ్చు. ఈ మలుపు తిరిగేలోపు పాపను ఎత్తుకోవచ్చు. పిచ్చిలెక్క అని తెలుసు. ఆపలేకపోయాను.

పక్కన సీతాఫలాల గంప కాళ్ళ మధ్య పెట్టుకొని ఒక పెద్దావిడ కూర్చుంది. చాలాసేపు నన్ను చూసి అంది:

"బిడ్డా, నువ్వు కాలుతోటి తొక్కితే బస్సు పోదు. డ్రైవర్ తొక్కాలె."

చూసుకుంటే నా కుడికాలు నేలను అదిమిపట్టి ఉంది. పిక్క నొప్పి పుడుతోంది.

"పాపకు జ్వరం" అన్నాను.

"ఎవరున్నరు పాప తానికి?"

"మా అత్తమ్మ."

"మంచిదేనా?"

"మంచిదే."

"మరింకేంది? కడుపుల ఏమన్న పడ్డదా పొద్దుగాల?" అని గంపలోంచి మెత్తటి పండు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. వద్దన్నాను. "పైసలు అడుగుతలేను. తిను. ఆకలి మొకంతోటి పోతే నిన్ను జూసే పాప ఏడుస్తది." తిన్నాను. గింజలు ఎక్కడ వెయ్యాలో తెలియక గుప్పిట్లో పెట్టుకుంటే, ఆవిడే చెయ్యి పట్టి కిటికీ బయట దులిపింది.

ఇంటికి చేరేసరికి పాప మంచం మీద కూర్చొని జావ తాగుతోంది. మూతి చుట్టూ తెల్లటి మీసం. నన్ను చూసి, "అమ్మ ఇమానం జల్ది దిగింది" అని నానమ్మకు చెప్పింది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది, కానీ కళ్ళు కళ్ళలాగే ఉన్నాయి. ఎత్తుకున్నాను. నా భుజం మీద తల పెట్టి వెంటనే నిద్రపోయింది.

అప్పుడు చూశాను ఇంటిని. పొద్దున పాప పారబోసిన మరమరాలు అలాగే ఉన్నాయి. దువ్వెన వెంట్రుకల ఉండ గుమ్మం దగ్గరే ఉంది. చీపురు మూలన నిలబెట్టి ఉంది. మధ్యాహ్నం దాటింది.

"ఇల్లు ఊడ్వలేదా అత్తమ్మ?"

"ఊడుద్దామని చీపురు పట్టిన. నువ్వేమో మల్ల బయలెల్లినవ్. మల్ల ఆపిన."

నవ్వు రావాలి. కోపం వచ్చింది. పాప నిద్ర చెడకుండా గుసగుసగానే, కానీ గట్టిగా అడిగాను.

"నేను గడప దాటుతున్నప్పుడే ఎరుక గద నీకు. ఎందుకు పిలువలే?"

"బయలెల్లిన మనిషిని వెనకకెంచి పిలుస్తరా ఎవరన్న?"

"పిలువకపోతే తర్వాత ఫోనన్న చెయ్యాలె."

"తొవ్వల ఉన్నవ్. తొవ్వల ఉన్నోళ్లకు గసుంటి మాట చెప్తె ఏం జేస్తరు? రైల్లకెంచి దుంకుతవా? నువ్వు చేరి చెప్పినంక చెప్దామనుకున్న. నువ్వు చెప్పకపోతివి." ఆమె గొంతు కూడా పెరిగింది. "రైలు ఏమైందో ఎరుకలేదు. కూసు ఒళ్లు కాల్తున్నది. ఇటు చూడాల్నా, అటు చూడాల్నా? నాకు భయం గాలేదనుకుంటున్నవా?"

కొంగు ముడి విప్పి చూపించింది. తాళంచెవుల గుత్తి. "డాక్టరమ్మ వద్దన్నదని చేతిల పెట్టలే. కానీ విడువబుద్ధి గాలే. పట్టుకొని కూసున్న." అరచేతిలో తాళంచెవుల ముద్రలు ఎర్రగా ఉన్నాయి.

నేను అంతవరకు నా లెక్కే వేసుకున్నాను, నేను ఎంతసేపట్లో చేరతాను అని. ఇంట్లో ఉన్న మనిషికి కూడా ఒక దూరం ఉంటుందని, నేను చేరానని తెలిసేదాకా ఆమె కూడా దారిలోనే ఉంటుందని ఆలోచించలేదు. పాపను మంచం మీద పడుకోబెట్టి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"వెనకకెంచి పిలిస్తే ఏమైతది అత్తమ్మ?" అని అడిగాను. కోపంతో కాదు, తెలుసుకుందామనే.

ఆమె ఆలోచించింది. "ఎవరికెరుక? మా అవ్వ పిలువలే. మా అత్త పిలువలే. ఎవ్వరు పిలిచి చూడలే గద."

"ఫోను వెనకకెంచి పిలుసుడు గాదు. నా చేతుల ఉంటది, నా ముందటనే మోగుతది."

"గదీ నిజమే" అంది. ఒప్పుకున్నట్టు మాత్రం అనిపించలేదు. లేచి చీపురు తీసుకొని మరమరాలు ఊడవడం మొదలుపెట్టింది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. సంగతంతా విని, పాప నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచాడు. తర్వాత, "కొన్ని దినాలు కాలేజ్ ఆపితే ఏమైతది? జర పెద్దగయ్యెదాంక" అన్నాడు. గట్టిగా అనలేదు. భయపడినవాడి మాట అది. నాలోనూ అదే మాట పొద్దుటి నుంచి తిరుగుతోంది. ప్రిన్సిపాలుకు పంపడానికి ఫోన్లో నాలుగు వాక్యాలు కూడా రాసి పెట్టుకున్నాను.

వంటింట్లోంచి అత్తమ్మ అంది: "ఆమె కాలేజ్ ఆపితే జ్వరం రాదా?"

"నువ్వొక్కదానివే పరేషాన్ అయితవని అంటున్న అమ్మా."

"నేనయిత. ఆమె ఇంట్ల ఉన్ననాడు ఆమె పరేషాన్ కాలేదా? అప్పుడు గూడ నేనే తాళంచెవులు తెచ్చిన." గుమ్మంలోకి వచ్చి, "నువ్వు మాత్రం కందులని పొద్దున లేవంగనే పోకు. జర ఆగి పో. ఇద్దరు పోతే నాకు చేతులు సరిపోవు" అంది.

మా ఆయన తలవంచుకొని అన్నం తిన్నాడు. ఆ నాలుగు వాక్యాలు నేను పంపలేదు, చెరిపెయ్యనూ లేదు.

పాప జ్వరం మూడో రోజుకు తగ్గింది. సోమవారం నేను మళ్ళీ బయలుదేరాను. ఫోను నిండా చార్జింగ్ ఉంది. గడప దాటేముందు పాప ఒళ్ళు రెండుసార్లు చూశాను. అత్తమ్మ కూడా చూసింది. మా ఆయన దుకాణానికి ఇంకా పోలేదు. "పైలం" అంది అత్తమ్మ.

రైల్లో కూర్చొని ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను. మోగకూడదు అనుకుంటూ దాన్నే చూస్తున్నాను. రుక్మాపూర్ దాటింది. రైలు ధారూరులో ఆగి ఉండగా మోగింది. ఇంటి నుంచి. ఎదురు సీటు ఆమె నా ముఖం చూసి నిటారుగా కూర్చుంది.

"అత్తమ్మా?"

"ఆ. ఏం లేదు."

"పాపకేమైంది?"

"ఏం గాలే. మంచిగున్నది. మేడ మీద ఉన్నం. ఇమానం చూపిస్తున్న."

"మరెందుకు చేసినవ్?"

అటువైపు పాప గొంతు దూరంగా, "టాటా, టాటా" అంటోంది.

"ఊకెనే చేసిన" అంది అత్తమ్మ. "తొవ్వల ఉన్నదాన్ని పిలిస్తే ఏమైతదో చూద్దామని. మంచి దినంనాడు ఒక్కసారి పిలిచి చూస్తేనే గద, రేపు ఏమన్న అయితే భయం లేకుంట పిలువొచ్చు."

ఆమె అవ్వ చెయ్యనిది, ఆమె అత్త చెయ్యనిది, ఈ వయసులో ఆమె చేసింది. చేసినందుకు ఆమె గుండె కూడా కొట్టుకుంటూ ఉంటుంది. నేను క్షేమంగా చేరేదాకా కొట్టుకుంటూనే ఉంటుంది.

"రైలు మంచిగనే ఉన్నదా?" అని అడిగింది. అప్పుడే రైలు కదిలింది.

"మంచిగనే ఉన్నది. కదులుతున్నది."

"కిటికి కాడ కూసున్నవా?"

"కూసున్న."

"సరే. చేరినంక చెయ్యి. ఇల్లు ఇంక ఊడ్వలే."